సీసా మారిస్తే చాలదు: శుభ్రపరిచే రసాయనాల ఎంపికలో అడగవలసిన ప్రశ్నలు

దక్షిణ కొరియాలో 1994లో ఒక కొత్త సరుకు దుకాణాలకు వచ్చింది. గది గాలికి తేమ అందించే హ్యూమిడిఫైయర్ల నీటితొట్టెలో పాచి పట్టకుండా, సూక్ష్మజీవులు పెరగకుండా ఆ నీటిలో కలిపే ద్రవం అది. అలాంటి ద్రవాల్లో వాడిన పాలీహెక్సామిథిలీన్ గ్వానిడిన్ వంటి క్రిమిసంహారకాలు చర్మానికి తగిలినా పెద్దగా హాని చేయవన్న పేరు అప్పటికే ఉంది. అదే ద్రవం సన్నని తుంపరగా మారి, తలుపులు మూసిన గదిలో రాత్రంతా నిద్రపోతున్నవారి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఏమవుతుందో మాత్రం అమ్మకానికి ముందు సరిగా పరీక్షించలేదు. 2011 వసంతంలో సియోల్‌లోని ఒక ఆసుపత్రికి గర్భిణులు, బాలింతలు అంతుచిక్కని ఊపిరితిత్తుల జబ్బుతో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కారణం ఆ ద్రవమేనని తేలి, దాన్ని మార్కెట్ నుంచి తొలగించేనాటికి పసిపిల్లలతో సహా వేలాది మంది దాని బారిన పడ్డారు.

శుభ్రపరిచే రసాయనాల గురించి మాట్లాడబోతూ ఈ ఉదంతాన్ని ముందు చెప్పడానికి కారణం ఉంది. ‘ఈ రసాయనం సురక్షితమేనా?’ అని అడగడం మనకు అలవాటైపోయింది గానీ, అది సగం ప్రశ్న మాత్రమే. ఏ పనికి, ఎంత గాఢతలో, ఏ రూపంలో, రోజుకు ఎన్ని గంటలు, ఎవరి చేతుల మీదుగా, చివరికి ఏ నీటిలోకి అన్నవి కూడా కలిస్తే గానీ ఆ ప్రశ్న పూర్తికాదు. ఒక ద్రవానికి స్వతహాగా ఉండే హానికర గుణం వేరు, అది మనిషి ఒంట్లోకి చేరే దారి వేరు. ఆ రెండూ కలిసినచోటే ప్రమాదం పుడుతుంది. ఆసుపత్రికో, బడికో, కార్యాలయానికో ఇలాంటి సరుకు ఎంపిక చేసే బాధ్యత ఉన్నవారికి ఈ తేడా పట్టుబడకపోతే, ఎంత మంచి ఉద్దేశంతో సీసా మార్చినా ముప్పు ఒకచోటి నుంచి మరోచోటికి జరుగుతుందే తప్ప తగ్గదు.

రోజంతా అదే పనిలో ఉన్నవారి లెక్క

వారానికి ఒకసారి స్నానాలగది కడుక్కునే ఇంటి మనిషికీ, రోజుకు పాతిక ముప్పై మరుగుదొడ్లు కడిగే కార్మికురాలికీ ఒకే సీసా ఒకే రకంగా పనిచేయదు. సీసా మీది హెచ్చరికలు చాలావరకు మొదటి మనిషిని ఊహించుకుని రాసినవి. రెండో మనిషి విషయంలో దెబ్బ ఒక్కసారిగా తగలదు. కొంచెం దగ్గు, కొంచెం కళ్లమంట, వేళ్ల సందుల్లో దురదగా మొదలై ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఫిర్యాదు చేయాలనిపించేంత పెద్దది కాదు కాబట్టి అది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ పేరుకునే నష్టాన్ని కొలిచి చూపింది. ఐరోపాలోని వివిధ కేంద్రాల్లో 6,235 మందిని ఇరవయ్యేళ్ల పాటు పరిశీలించిన సమాచారం అది. శుభ్రపరిచే పనిని వృత్తిగా చేసిన మహిళల్లోనూ, సొంత ఇంటిని శుభ్రం చేసుకునే మహిళల్లోనూ, ఆ పని చేయనివారితో పోలిస్తే ఊపిరితిత్తుల సామర్థ్యం మరింత వేగంగా తగ్గింది. పురుషుల్లో ఆ తేడా కనిపించలేదు. అయితే వారిలో ఈ వృత్తిలో ఉన్నవారు మరీ తక్కువ కాబట్టి, దాన్నిబట్టి పురుషులకు ఏమీ కాదని అనుకోవడానికి వీల్లేదు. అంతకుముందు 2007లో అదే ఐరోపా సర్వే ఆధారంగా వెలువడిన మరో పరిశీలన, వారానికి ఒక్కసారైనా స్ప్రే రూపంలో క్లీనర్లు వాడేవారిలో ఉబ్బసం లక్షణాలు ఎక్కువగా తలెత్తడాన్ని గుర్తించింది.

స్ప్రే విషయం కాస్త నిలిచి చూడదగ్గది. ట్రిగ్గర్ నొక్కగానే ద్రవంలో కొంత భాగం అద్దం మీద పడుతుంది. మిగిలింది కంటికి కనిపించనంత సన్నని బిందువులుగా గాలిలో తేలుతూ, అద్దానికి మూరెడు దూరంలో ఉన్న ముఖం వైపు తిరిగివస్తుంది. అదే ద్రవాన్ని గుడ్డ మీద పోసుకుని తుడిస్తే ఆ బిందువులే పుట్టవు. రసాయనం మారలేదు, ఖర్చు పెరగలేదు, ఒంట్లోకి వెళ్లే దారి మాత్రం మూసుకుపోయింది. సురక్షితమైన ఉత్పత్తి కోసం నెలల తరబడి వెతికే సంస్థలు ఈ ఒక్క మార్పును మొదటి రోజే చేయవచ్చు గదా అని నాకు అనిపిస్తుంది.

చర్మం సంగతి ఇంకొకటి. జర్మనీ కార్మిక భద్రతా నిబంధనలు, పనివేళల్లో రెండు గంటలకు మించి చేతులు తడిగా ఉండే పనిని ప్రత్యేకంగా ‘తడి పని’ అని గుర్తిస్తాయి. మామూలు నీరు కూడా గంటల తరబడి తగిలితే చర్మం పైపొరలోని సహజమైన జిడ్డును లాగేస్తుంది, ఆ తర్వాత తగిలే ప్రతి రసాయనమూ సులభంగా లోపలికి దిగుతుంది. చేతి తొడుగులు ఇచ్చాం కదా అని ఊరుకోవడానికి లేదు. గాలి ఆడని తొడుగులో చెమటతో నానే చెయ్యి కూడా తడి చెయ్యే. పైగా ఏ తొడుగు దేన్ని ఆపుతుందన్నది పదార్థాన్నిబట్టి ఉంటుంది. రంగు ఊడదీసే మిథిలీన్ క్లోరైడ్ పలుచటి నైట్రైల్ తొడుగు గుండా నిమిషాల్లోనే దాటిపోతుంది, వేసుకున్నవారికి ఆ సంగతి తెలియదు. వృత్తి భద్రతా నిపుణులు రక్షణ మార్గాలకు ఒక క్రమం చెబుతారు: ముప్పును పూర్తిగా తొలగించడం అన్నిటికన్నా మేలు, తర్వాత తక్కువ హాని ఉన్నదానితో మార్చడం, తర్వాత గాలి బయటకు పోయే ఏర్పాట్లు, తర్వాత పనివిధానాల్లో మార్పులు, అన్నిటికన్నా అడుగున తొడుగులు, ముసుగులు. ఆచరణలో ఎక్కువచోట్ల ఈ నిచ్చెనను కింది మెట్టు దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

మురికిని వదిలించేది రసాయనం ఒక్కటే కాదు

జర్మన్ రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో చెప్పిన ఒక సూత్రం ఈ రంగంలో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. శుభ్రపరచడంలో పనిచేసేవి నాలుగు: రసాయనం, వేడి, రుద్దే బలం, సమయం. వీటిని ఒక వృత్తంలో నాలుగు ముక్కలుగా ఊహించుకుంటే, ఒక ముక్క తగ్గినప్పుడు మిగిలినవి పెరిగి ఆ వృత్తాన్ని నింపాలి. ఘాటైన రసాయనాల మీద మోజు ఎక్కడి నుంచి వచ్చిందో ఈ వృత్తమే చెబుతుంది. కార్మికులను తగ్గించి, గదికి ఇన్ని నిమిషాలేనని కట్టడి చేసినప్పుడు సమయం ముక్క చిన్నదవుతుంది, రసాయనం ముక్క ఉబ్బుతుంది. ‘బలమైనది కావాలి’ అన్న కోరిక వెనుక చాలాసార్లు ఉన్నది మురికి కాదు, గడియారం.

కుళాయి మొదట్లో గట్టిపడిన తెల్లటి ఉప్పు పొరను తీసుకుందాం. అది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. చాలా ఆమ్లాలు దాన్ని కరిగిస్తాయి. సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండే మరుగుదొడ్డి క్లీనర్ పోస్తే నిమిషంలో బుసబుసా పొంగి పొర ఊడుతుంది. దానితోపాటే ఘాటైన ఆవిరి ముక్కుకు ఎక్కుతుంది, క్రోమియం పూత మసకబారుతుంది, చిందిన చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దానికి బదులు సిట్రిక్ ఆమ్ల ద్రావణంలో తడిపిన గుడ్డను కుళాయి చుట్టూ బిగించి, మిగతా గది పని పూర్తిచేసుకుని ఇరవై నిమిషాల తర్వాత తిరిగివస్తే, గుడ్డ కింద చిన్న చిన్న బుడగలు లేచి పొర మెత్తబడి ఉంటుంది. బ్రష్‌తో రెండుసార్లు రుద్దితే రాలిపోతుంది. ఆ ఇరవై నిమిషాలు కార్మికురాలు కుళాయి దగ్గర నిలబడనక్కర్లేదు. పని వరసను కాస్త మార్చితే సమయం ఉచితంగా దొరుకుతుంది.

మైక్రోఫైబర్ గుడ్డలు చేసేది కూడా ఇదే, రుద్దే బలం ముక్కను పెంచడం. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు మురికిని పక్కకు నెట్టకుండా పట్టుకుంటాయి కాబట్టి, దుమ్ము, వేలిముద్రల వంటి రోజువారీ పనుల్లో చాలావాటికి నీళ్లే సరిపోతాయి. వాటికీ లోపం లేకపోలేదు: ఉతికిన ప్రతిసారీ ప్లాస్టిక్ పోగులు కొన్ని నీటిలో కలుస్తాయి, బట్టలు మెత్తబరిచే ద్రవం వాడితే పోగుల సందులు పూడిపోయి గుడ్డ పనికిరాకుండా పోతుంది. అయినా ఒక రసాయనాన్ని మరో రసాయనంతో మార్చడానికి ముందు, అక్కడ అసలు రసాయనం కావాలా అని అడగడమే మంచి వరస.

ముందువైపు ప్రకటన, వెనుకవైపు సమాచారం

సీసా ముందువైపు ఆకుబొమ్మ, నీటిచుక్క, ‘పర్యావరణ హితం’ అన్న మాట ఉంటాయి. చాలాచోట్ల వీటికి కచ్చితమైన చట్టపరమైన అర్థం లేదు. అర్థం ఉన్నవి వెనుకవైపు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి రూపొందించి 2003లో తొలిసారి ప్రచురించిన ప్రపంచ సమన్వయ వర్గీకరణ పద్ధతి, అంటే జీహెచ్ఎస్, రసాయనాల ప్రమాదాలకు ఎర్ర అంచు గల వజ్రాకారపు గుర్తులు తొమ్మిది నిర్ణయించింది. వాటితోపాటు ‘ప్రమాదం’, ‘హెచ్చరిక’ అనే రెండు మాటల్లో ఒకటి ఉంటుంది. మొదటిది రెండోదాని కన్నా తీవ్రమైనది. అంతకన్నా ఉపయోగపడేవి హెచ్ అక్షరంతో మొదలయ్యే సంఖ్యలు. హెచ్ 314 అంటే చర్మాన్ని తీవ్రంగా కాలుస్తుందని, హెచ్ 318 అంటే కంటికి తీవ్ర నష్టమని, హెచ్ 317 అంటే చర్మానికి అలర్జీ తెప్పించవచ్చని, హెచ్ 334 అంటే పీలిస్తే ఉబ్బసం లక్షణాలు రావచ్చని, హెచ్ 350 అంటే క్యాన్సర్ కలిగించవచ్చని, హెచ్ 410 అంటే జలచరాలకు అతి విషపూరితం, ఆ ప్రభావం దీర్ఘకాలం ఉంటుందని అర్థం. రెండు ఉత్పత్తులను పక్కపక్కన పెట్టి ఈ సంఖ్యలు పోల్చడానికి రసాయనశాస్త్రం చదివి ఉండనక్కర్లేదు.

వీటిలో హెచ్ 317, హెచ్ 334 సంఖ్యలకు ఎక్కువ బరువు ఇవ్వాలని నా అభిప్రాయం. కాలిన గాయం మానుతుంది. అలర్జీ ఒకసారి స్థిరపడితే శరీరం మరిచిపోదు. ఆ తర్వాత అతి తక్కువ మోతాదు తగిలినా ఉబ్బసమో, చర్మపు మంటో తిరిగివస్తుంది, చివరికి ఆ మనిషి వృత్తినే వదులుకోవలసి రావచ్చు. నిల్వ కోసం కలిపే మిథైల్ ఐసోథయాజోలినోన్‌ను అమెరికాలోని చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2013 సంవత్సరపు అలర్జీకారకంగా ప్రకటించింది. ‘సున్నితం’ అని రాసి ఉన్న ద్రవాల్లోనూ అది కనిపిస్తుంది.

లేబుల్ చాలనిచోట సేఫ్టీ డేటా షీట్ చూడాలి. వృత్తిపరంగా వాడే ప్రమాదకర రసాయనానికి సరఫరాదారు ఇవ్వవలసిన ఈ పత్రంలో 16 విభాగాలు ఉంటాయి. అన్నీ చదవక్కర్లేదు: రెండోది ప్రమాదాలను, మూడోది దినుసులను, ఎనిమిదోది ఎలాంటి తొడుగు, ఎంత గాలి అవసరమో, పన్నెండోది నీటిలో ఏమవుతుందో చెబుతాయి. ఎనిమిదో విభాగంలో ‘తగిన తొడుగులు వాడండి’ అని మాత్రమే ఉంటే, అవి ఏ పదార్థంతో చేసినవో, ఎంతసేపు ఆగుతాయో సరఫరాదారును అడగాలి. జవాబు రాకపోవడం కూడా ఎంపికకు పనికివచ్చే సమాచారమే.

ఈ పత్రాల్లో ఒక మెలిక ఉంది. గాఢ ద్రవానికి ఒక షీట్, నీటిలో కలిపి పలుచన చేసిన ద్రావణానికి మరో షీట్ ఉండవచ్చు. విక్రేత చూపించేది తరచుగా రెండోది. నూటికి ఒకవంతు కలిపిన ద్రావణానికి ఏ ప్రమాద గుర్తూ ఉండకపోవచ్చు, అది అబద్ధమూ కాదు. ఆ ఒకవంతును డబ్బా నుంచి కొలిచి పోసేది ఎవరు? కిటికీలేని సామాన్ల గదిలో, అయిదు లీటర్ల డబ్బాను రెండు చేతులతో వంచి, మూతతో అందాజుగా కొలుస్తున్న మనిషి కళ్లకు ఆ క్షణంలో వర్తించేది మొదటి షీట్. గాఢ ద్రవాలతో ప్లాస్టిక్, రవాణా కలిసివస్తాయి కాబట్టి పర్యావరణానికి అవే మేలు; అయితే గోడకు బిగించి, గొట్టం ద్వారా నీటితో నేరుగా కలిపే పరికరం లేకుండా వాటిని తెచ్చిపెట్టడమంటే పర్యావరణం ఖర్చును కార్మికుల కళ్ల మీద వేయడమే. కొలత తప్పితే నష్టం ఇంకో రకంగానూ ఉంటుంది. మోతాదు మించితే నేల మీద జిగురుపొర మిగిలి దుమ్మును మరింత పట్టుకుంటుంది, దాన్ని వదిలించడానికి మర్నాడు ఇంకాస్త ఎక్కువ పోస్తారు.

‘సహజం’ అన్న మాట చెప్పనివి

మొక్కల నుంచి తీసినది మెత్తనిది, కర్మాగారంలో తయారైనది కఠినమైనది అన్న నమ్మకం బలంగా ఉంది. నారింజ, నిమ్మ తొక్కల నుంచి తీసే లిమొనీన్ జిడ్డును బాగా కరిగిస్తుంది, వాసన కూడా ఆహ్లాదకరం. కానీ గాలి తగిలి ఆక్సీకరణం చెందిన లిమొనీన్ చర్మానికి అలర్జీ తెప్పిస్తుంది. గదిలో ఓజోన్ ఉంటే దానితో చర్య జరిపి ఫార్మాల్డిహైడ్‌ను, అతి సన్నని రేణువులను పుట్టిస్తుంది. జలచరాలకు అది అతి విషపూరితమని దాని సంఖ్య హెచ్ 400 చెబుతుంది. ఎంజైముల కథ ఇంకా పాతది. మాంసకృత్తుల మరకలను విడగొట్టే, బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రొటీయేజ్ ఎంజైములను 1960లలో బట్టల పొడుల్లో కలపడం మొదలుపెట్టినప్పుడు, ఆ ధూళి పీల్చిన కర్మాగార కార్మికులకు ఉబ్బసం వచ్చినట్టు 1969లో బ్రిటన్ వైద్యులు నివేదించారు. ఎంజైమును వదిలేయలేదు, దాన్ని ధూళి లేవని గుళికలుగా మార్చి, మూసిన యంత్రాల్లోకి చేర్చారు. ఇప్పుడు అదే ఎంజైము తక్కువ వేడి నీటిలో బట్టలు ఉతకడానికి తోడ్పడి విద్యుత్తును ఆదా చేస్తోంది. కొరియా ఉదంతానికి ఇది తిరగేసిన రూపం: అక్కడ రూపం మారి మందు విషమైంది, ఇక్కడ రూపం మారి ముప్పు అదుపులోకి వచ్చింది.

‘నీటిలో జీవక్రియల వల్ల విచ్ఛిన్నమవుతుంది’ అన్న హామీనీ విప్పి చూడాలి. 1950లలో నదుల మీద, మురుగు శుద్ధి కేంద్రాల్లో నురుగు కొండల్లా పేరుకుంది. అప్పటి డిటర్జెంట్లలో జిడ్డును నీటిలో కలిసేలా చేసే పదార్థం, అంటే సర్ఫాక్టెంటు, అణువుకు కొమ్మలు కొమ్మలుగా ఉన్న కార్బన్ గొలుసు ఉండేది, బ్యాక్టీరియా దాన్ని తేలిగ్గా తినలేకపోయింది. 1960ల నడుమ పరిశ్రమ కొమ్మలులేని నిటారు గొలుసుకు మారాక నురుగు తగ్గింది. నేడు ‘వేగంగా విచ్ఛిన్నమవుతుంది’ అనడానికి వాడే ప్రామాణిక పరీక్షల్లో, 28 రోజుల్లో పదార్థంలో కనీసం 60 శాతం కార్బన్ డయాక్సైడుగా మారడం ఒక కొలమానం. ఐరోపా సమాఖ్య 2004 నాటి డిటర్జెంటు నిబంధన సర్ఫాక్టెంట్లకు ఆ స్థాయిని తప్పనిసరి చేసింది. ఆ హద్దు చెప్పకుండా రాసిన హామీకి విలువ లేదు, ఎందుకంటే చాలినంత కాలం ఇస్తే దాదాపు ఏదైనా విచ్ఛిన్నమవుతుంది.

విచ్ఛిన్నమై ఏమవుతుందన్నదీ ముఖ్యమే. నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు అనే చౌక సర్ఫాక్టెంట్లు నీటిలో సగం విరిగి నోనైల్‌ఫినాల్‌గా మిగులుతాయి. అది మొదటిదాని కన్నా మొండిది, చేపల శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోనును అనుకరిస్తుంది. ఐరోపా 2005 నుంచి శుభ్రపరిచే ఉత్పత్తుల్లో దాన్ని 0.1 శాతానికి పరిమితం చేసింది. భాస్వరం ఉండే ఫాస్ఫేట్లది మరో రకం కథ: అవి విషం కావు, ఎరువు. కెనడాలో సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 1973లో, ప్రయోగాలకు కేటాయించిన సరస్సుల్లో 226వ నంబరుదాన్ని తెరతో రెండుగా విడదీసి, ఒక సగంలో కార్బన్, నైట్రోజన్, మరో సగంలో వాటితోపాటు భాస్వరం కలిపింది. భాస్వరం కలిసిన సగం ఆకుపచ్చ నాచుతో నిండిపోయింది, రెండో సగం తేటగానే ఉంది. విమానం నుంచి తీసిన ఆ ఫొటో డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లపై ఆంక్షలకు బలమైన సాక్ష్యమైంది.

చంపవలసినవి, కడిగేయవలసినవి

శుభ్రం చేయడం, క్రిములను చంపడం ఒకటి కాదు. మురికిని, దానితోపాటు చాలా క్రిములను ఉపరితలం నుంచి తీసివేయడం మొదటిది. మిగిలినవాటిని చంపడం రెండోది. మురికి మీదే క్రిమిసంహారకం పోస్తే దాని శక్తి మురికితోనే ఖర్చయిపోతుంది. పైగా ప్రతి క్రిమిసంహారకానికీ ఉపరితలాన్ని తడిగా ఉంచవలసిన నిర్ణీత సమయం ఉంటుంది, సీసాను బట్టి అది పది నిమిషాల దాకా కూడా ఉండవచ్చు. చల్లి వెంటనే తుడిచేస్తే రసాయనం ఖర్చయింది, కార్మికులు పీల్చారు, క్రిములు మిగిలాయి. కోవిడ్ కాలంలో గదులనూ వీధులనూ పొగలా ముంచెత్తిన స్ప్రేలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే వద్దంది. ద్రావణంలో తడిపిన గుడ్డతో తుడవమని, బ్లీచ్ అయితే 0.1 శాతం గాఢత చాలని చెప్పింది. 5 శాతం బ్లీచ్ నుంచి ఆ గాఢత రావాలంటే 20 మిల్లీలీటర్ల బ్లీచ్‌కు 980 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. అందాజు మీద ‘కొంచెం ఎక్కువే వేద్దాం’ అనుకునే చెయ్యి దీనికి అయిదారు రెట్లు వేస్తుంది.

కార్మికుల మేలు, నీటి మేలు ఒకదానికొకటి అడ్డుపడేది కూడా ఇక్కడే. బ్లీచ్ కళ్లను, గొంతును మండిస్తుంది. కానీ చాలావరకు త్వరగా ఉప్పుగా విరిగిపోతుంది, మురుగులోని సేంద్రియ పదార్థంతో కలిసి కొన్ని క్లోరిన్ సమ్మేళనాలను మాత్రం మిగుల్చుతుంది. బెంజాల్కోనియం క్లోరైడ్ వంటి క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనాలకు అంత వాసన లేదు కాబట్టి కార్మికులు వాటినే ఇష్టపడతారు. అవి ఉబ్బసానికి, చర్మ అలర్జీకి కారణం కాగలవు, మురుగు బురదకు అంటుకుని నిలిచిపోతాయి, సూక్ష్మజీవుల్లో నిరోధకతను పెంచుతాయన్న ఆందోళన కూడా ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది, అందుకే దానికి మంచి పేరు. దానికి పెరాసిటిక్ ఆమ్లం జోడించి ఆసుపత్రుల్లో నేలలు, బల్లలు తుడవడానికి వాడినచోట సిబ్బంది కళ్లు, ముక్కు మండుతున్నాయని చెప్పడాన్ని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిశీలించి నమోదు చేసింది. ఏ పక్షమూ మచ్చలేనిది కాదు. నా దృష్టిలో ఈ చిక్కుకు దారి మూడింటిలో ఒకటి ఎంచుకోవడం కన్నా, క్రిములను చంపవలసిన చోట్లను కుదించడం: చేతులు పదేపదే తగిలే పిడులు, మరుగుదొడ్లు, రక్తం వంటివి చిందిన చోట్లు. కార్యాలయపు వసారా నేలకు రోజూ క్రిమిసంహారకం ఎందుకో ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

కలపడం గురించి ఒక్క మాట చాలు. బ్లీచ్‌లో ఏ ఆమ్లం కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమే కానక్కర్లేదు, ఇంతకుముందు మెచ్చుకున్న సిట్రిక్ ఆమ్లం, వెనిగర్ కూడా ఆ పని చేస్తాయి. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. అందువల్ల ఒక ఆమ్ల క్లీనర్‌ను ‘సహజమైన’ మరో ఆమ్ల క్లీనర్‌తో మార్చినంత మాత్రాన బ్లీచ్ పక్కన దాన్ని నిశ్చింతగా ఉంచలేం.

మార్పిడిలో పొరపాటు

2009లో చైనాలోని సూజౌలో ఫోన్ల తెరలు తయారుచేసే కర్మాగారంలో, తెర తుడవడానికి వాడే ఆల్కహాలుకు బదులు ఎన్-హెక్సేన్ అనే ద్రావణిని తెచ్చారు. అది ఇంకా త్వరగా ఆరిపోతుంది, గంటకు తుడిచే తెరల సంఖ్య పెరుగుతుంది. పీల్చిన ఎన్-హెక్సేన్ శరీరంలో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లు చేతుల నరాలను దెబ్బతీస్తుంది. వంద మందికి పైగా కార్మికులు నరాల దెబ్బతో ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ ఆల్కహాలు సురక్షితం కాదని ఎవరూ అనలేదు, వేగం కోసమే మార్చారు. భద్రత కోసం చేసే మార్పుల్లోనూ ఇదే తప్పు జరుగుతుంది: చెడ్డపేరు వచ్చిన పదార్థం పోయి, ఇంకా ఎవరూ సరిగా పరీక్షించని దాని చుట్టం వస్తుంది. సమాచారం లేకపోవడాన్ని హాని లేకపోవడంగా చదవకూడదు. ఎక్కువగా పరీక్షించిన, లోపాలు తెలిసిన పదార్థం కొన్నిసార్లు కొత్తదాని కన్నా నమ్మదగినది.

కొన్నిటి విషయంలో ఇంత తర్కం అవసరం లేదు. తుప్పు, రాయి మరకలు తీసే ద్రవాల్లోని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా లోపలికి దిగి కాల్షియాన్ని పట్టుకుంటుంది, నొప్పి గంటల తర్వాత తెలుస్తుంది, తీవ్రమైతే గుండె ఆగుతుంది. రంగు ఊడదీసే మిథిలీన్ క్లోరైడ్, డ్రై క్లీనింగ్‌లో పేరుపడ్డ, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదిగా వర్గీకరించిన పెర్‌క్లోరోఇథిలీన్, పైన చెప్పిన నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. సేఫ్టీ డేటా షీట్ మూడో విభాగంలో ఇవి కనిపిస్తే ఆ పత్రాన్ని అక్కడే మూసేయవచ్చు.

ఇంత వెతకడం ప్రతి సంస్థకూ సాధ్యం కాదు కాబట్టే ఎకో లేబుళ్లు వచ్చాయి. జర్మనీ ‘బ్లూ ఏంజెల్’ 1978లో మొదలైంది, ఐరోపా సమాఖ్య లేబుల్ 1992లో, అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే ‘సేఫర్ చాయిస్’ 2015లో ఆ పేరుతో వచ్చింది. వీటిలో మూడోది ప్రతి దినుసునూ దాని పనినిబట్టి, అంటే ద్రావణిని ద్రావణులతో, సర్ఫాక్టెంటును సర్ఫాక్టెంట్లతో పోల్చి చూస్తుంది. స్వతంత్ర సంస్థ పరీక్షించి ఇచ్చిన గుర్తు, తయారీదారు తానే వేసుకున్న ఆకుబొమ్మ కన్నా ఎన్నో రెట్లు నయం. అది సీసాలోని ద్రవాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, స్ప్రే తలను, మూసిన గదిని, గడియారాన్ని పరీక్షించదు.

మార్పు మొదలుపెట్టేవారు కొనుగోలు పట్టికకు ముందు సామాన్ల గది తెరవడం మంచిది. అక్కడ సాధారణంగా ఒకే పని చేసే నాలుగైదు సీసాలు, పేరులేని ద్రవంతో నింపిన పాత మంచినీళ్ల సీసా, ఎవరో తెచ్చిపెట్టి మరిచిపోయిన ఆమ్లపు డబ్బా ఉంటాయి. పేరులేనిదాన్ని ముందుగా తొలగించాలి. అందులో ఏముందో వాసన చూసి తేల్చే ప్రయత్నం చేయకూడదు. తర్వాత ఒకే పని చేసేవాటిని తగ్గిస్తే రోజువారీ అవసరాలకు నాలుగైదు రకాలకు మించి అక్కర్లేదని తెలుస్తుంది. కొత్త ఉత్పత్తిని ఒక అంతస్తులో రెండు వారాలు వాడించి, వాడినవారినే అడగాలి. ‘బాగా పనిచేస్తోందా’ అని మాత్రమే కాదు, చేతులు ఎలా ఉన్నాయి, సాయంత్రానికి గొంతు ఎలా ఉంది, ఎన్నిసార్లు రెండోసారి రుద్దవలసి వచ్చింది అని కూడా. నురుగు రాకపోతే శుభ్రం కాలేదని, వాసన లేకపోతే పని జరగలేదని అనుకునేవారు చాలామంది ఉంటారు; వారి పక్కన నిలబడి తెల్లటి గుడ్డతో తుడిచి చూపిస్తే మాటలకన్నా బాగా అర్థమవుతుంది.

మిగిలిపోయిన పాత నిల్వను కొత్తది వచ్చిన ఉత్సాహంలో తూములో ఒంపేయకూడదు. తక్కువ హాని ఉన్నవాటిని మామూలు మోతాదుల్లో వాడి ఖర్చు చేయాలి. బలమైన ఆమ్లాలను, క్షారాలను, ద్రావణులను వాటి అసలు డబ్బాల్లోనే, ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా ఉంచి, సరఫరాదారుకో ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికో వాటి సేఫ్టీ డేటా షీట్లతో సహా అప్పగించాలి.